కాలేజీ బేస్‌బాల్ కోచ్ పిచర్‌ని (బ్యాటర్‌కి బంతి విసిరేవాణ్ణి) తయారు చేస్తాడా, వాడేసుకుంటాడా?

డల్లాస్_బాబాయ్:
మా ప్రొఫెషనల్ టీము టెక్సాస్ రేంజర్స్ మ్యాచ్ పెట్టినప్పుడల్లా నాకు ఇదే కడుపుమంట. కుమార్ రాకర్ తెలుసుగా, వాళ్లమ్మ వైపు వాళ్లు మన దేశం వాళ్లే. 2019 జూన్‌లో, కాలేజీలో మొదటి ఏడాదే, వాండర్‌బిల్ట్ కాలేజీ తరఫున డ్యూక్ కాలేజీ మీద ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా 19 స్ట్రైకౌట్లు (మూడు స్ట్రైక్‌లతో బ్యాటర్‌ని అవుట్ చేయడం) తీశాడు. అందరూ ఆ 19 గురించే చెబుతారు, ఆ రాత్రి కుర్రాడి చేత 131 బంతులు వేయించారన్న సంగతి ఎవరికీ పట్టదు. 2021 డ్రాఫ్ట్‌లో (ప్రొఫెషనల్ టీములు వరసగా కుర్రాళ్లని ఎంచుకునే చోట) న్యూయార్క్ మెట్స్ పదో నంబర్‌గా తీసుకుని, వైద్య పరీక్షలు చూశాక ఒప్పందం చేసుకోకుండా వదిలేశారు. ఆ సెప్టెంబర్‌లో భుజానికి ఆపరేషన్. 2022లో రేంజర్స్ తీసుకున్నారు, 2023లో మోచేతికి ఇంకోటి. మావాడూ పిచరే, పదకొండో తరగతి. కోచ్ ఉద్యోగం జూన్‌లో ఒమాహాలో జరిగే కాలేజీ ఫైనల్ టోర్నీకి చేరడం మీద ఉంటుంది గానీ పాతికేళ్లకి వీడి మోచెయ్యి ఎలా ఉంటుందన్నదాని మీద కాదు కదా?

ఒమాహా_పిచ్చి:
బాబాయ్, ఒక్కడి కథ తెచ్చి అందరికీ అంటగడితే ఎలా? పాల్ స్కీన్స్‌ని చూడండి. హైస్కూల్ అయ్యాక ఒక్క టీమూ డ్రాఫ్ట్‌లో తీసుకోలేదు. ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో క్యాచింగూ (బ్యాటర్ వెనక కూర్చుని బంతి పట్టడం) పిచింగూ రెండూ చేశాడు. రెండేళ్లయ్యాక ఎల్‌ఎస్‌యూకి (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) మారితే అక్కడ పిచింగ్ కోచ్ వెస్ జాన్సన్, ప్రొఫెషనల్ టీము మిన్నెసోటా ట్విన్స్‌లో అదే పనిని సీజన్ మధ్యలో వదిలేసి కాలేజీకి వచ్చిన మనిషి. 2023లో 209 స్ట్రైకౌట్లు, కప్పు, డ్రాఫ్ట్‌లో మొదటి నంబర్, 92 లక్షల డాలర్ల బోనస్. పది నెలలకే ప్రొఫెషనల్ టీము పైరేట్స్‌కి ఆడేశాడు. దీన్ని వాడేసుకోవడం అంటారా?

క్యాచర్_నాన్న:
మీరిద్దరూ చేతుల గురించే మాట్లాడుతున్నారు, బుర్ర సంగతేంటి? మావాడు కాలేజీలో రెండో ఏడాది, క్యాచర్. డగౌట్‌లోంచి (జట్టు కూర్చునే చోటు) కోచ్ మూడంకెలు చెబుతాడు, మావాడు మణికట్టుకున్న కార్డులో ఆ అంకెలకి ఏ బంతో చూసుకుంటాడు, పిచర్ తన కార్డు చూసుకుంటాడు, బంతి పడుతుంది. ప్రతి బంతికీ ఇదే తంతు. మొన్న కారులో అడిగా, ఆ లావుపాటి బ్యాటర్‌కి వరసగా మూడు స్లైడర్లు (పక్కకి తిరిగే బంతులు) ఎందుకు వేయించావురా అని. "నాకేం తెలుసు నాన్నా, కార్డులో అదే ఉంది" అన్నాడు. రేపు పైస్థాయిలో ఆలోచించి ఆడమంటే వీడేం చేస్తాడు?

డల్లాస్_బాబాయ్:
@ఒమాహా_పిచ్చి, ఒక్కడి కథేం కాదు. మన హ్యూస్టన్ రైస్ యూనివర్సిటీనే తీసుకో. 2004 డ్రాఫ్ట్‌లో మొదటి ఎనిమిది మందిలో ముగ్గురు అక్కడి పిచర్లే, హంబర్, నీమన్, టౌన్‌సెండ్. ముగ్గురికీ చేతి బాధలు తప్పలేదు.

ఒమాహా_పిచ్చి:
ఆ హంబరే 2012లో ప్రొఫెషనల్ టీము వైట్ సాక్స్‌కి పర్‌ఫెక్ట్ గేమ్ (ఒక్క బ్యాటర్‌నీ బేస్ చేరనివ్వని మ్యాచ్) వేశాడు, అదీ చెప్పండి మరి 🙂 అయినా మోచేతి ఆపరేషన్లు ఇప్పుడు ప్రొఫెషనల్ టీముల్లో తక్కువా? పదహారేళ్ల పిల్లలు కూడా వేగం వేగం అని చేతులు విరగ్గొట్టుకుంటుంటే నేరమంతా కాలేజీ కోచ్ నెత్తిన వేస్తే అన్యాయం. సరే, 131 మాత్రం ఎక్కువే, ఒప్పుకుంటా.

పోర్టల్_పరమేశం:
అసలు సంగతి మీరెవరూ ఎత్తట్లేదు. 'తయారు చేయడం' అనేదే తగ్గిపోతోంది. నిన్నమొన్నటి దాకా టీము మొత్తానికి 11.7 స్కాలర్‌షిప్పులు, ముక్కలు చేసి పంచేవాళ్లు. ఇప్పుడు పెద్ద కాలేజీల్లో ఆ హద్దు తీసేసి జట్టుకి 34 మందే అన్నారు. ఉన్న చోట్లు తక్కువ, పైగా ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లో (కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ల జాబితా) వేరే కాలేజీ వాడు రెడీగా దొరుకుతున్నాడు. ఇంక పద్దెనిమిదేళ్ల వాణ్ణి మూడేళ్లు పెంచే ఓపిక ఏ కోచ్‌కి ఉంటుంది? స్కీన్స్ కూడా ఎల్‌ఎస్‌యూకి సగం వండిన అన్నమేగా. వండటం మొదలుపెట్టిన అకాడమీ పేరు ఎవరూ ఎత్తరు.

క్యాచర్_నాన్న:
ఇది నిజం. మావాడి స్థానంలోకి ఈ జనవరిలో ఒకణ్ణి అలాగే తెచ్చారు.

డల్లాస్_బాబాయ్:
వచ్చే వారం ఒక కోచ్ మాతో మాట్లాడతానన్నాడు. ఏమడగమంటారు?

పోర్టల్_పరమేశం:
సౌకర్యాలు, జిమ్ము చూపిస్తారు, ఊ కొట్టండి. పోయినేడు శుక్రవారం మ్యాచ్‌లో బంతులేసిన పిల్లాణ్ణి మళ్లీ ఆదివారం ఎన్నిసార్లు దింపారో అడగండి. మొదటి ఏడాది చేరినవాళ్లలో మూడో ఏడాదికి ఎంతమంది మిగిలారో కూడా.

డల్లాస్_బాబాయ్:
అడుగుతా. మావాడు మాత్రం టేబుల్ కింద నా కాలు తొక్కుతాడు.