మార్కులు బాగా వచ్చిన గైడ్‌లైన్‌ని నమ్మేయొచ్చా?

కూకట్‌పల్లి అక్క:
పోయినేడాది మా చెల్లికి ఐవీఎఫ్ చేయించాం. ఎంబ్రియో ట్రాన్స్‌ఫర్‌కి, అంటే పిండాన్ని గర్భసంచిలో పెట్టడానికి ముందు గర్భసంచి లోపలి పొరను కాస్త గీకాలన్నారు, దాన్ని స్క్రాచింగ్ అంటారట. దానికి వేరే బిల్లు. ఎందుకంటే "గైడ్‌లైన్ ప్రకారమే" అన్నారు. ఏ వైద్యం ఎప్పుడు చేయాలో నిపుణుల కమిటీ రాసే సూచనల్ని గైడ్‌లైన్ అంటారట. అది ఏదో మాత్రం చెప్పలేదు. గర్భం నిలవలేదు. తర్వాత చదివాను: 2019లో వచ్చిన ట్రయల్‌లో 1,364 మంది ఉన్నారు, గీకించుకున్నవాళ్లలోనూ లేనివాళ్లలోనూ బిడ్డ పుట్టింది 26.1 శాతం మందికే. గైడ్‌లైన్లకి మార్కులు వేసే పద్ధతి ఉందటగా. ఎక్కువ వచ్చినదాన్ని నమ్మేయొచ్చా?

గైనిక్ పీజీ:
నమ్మొచ్చు అక్కా. అగ్రీ-2 అని 2010లో వచ్చింది. 23 ప్రశ్నలు, ఒక్కోదానికి 1 నుంచి 7 మార్కులు. కనీసం ఇద్దరు, వీలైతే నలుగురు ఎవరికి వారే వేస్తారు. వార్డులో ఒక్కో సీనియర్ ఒక్కో మాట చెబుతుంటే మాకు ఇంకేం ఆధారం ఉంది?

మలక్‌పేట:
డాక్టర్ గారూ, అక్కడే నాకు భయం. నేను ఫార్మసీ కాలేజీలో పాఠం చెప్తాను, పిల్లలతో ఈ మార్కులు వేయిస్తుంటాను. అగ్రీ-2 అడిగేది గైడ్‌లైన్ ఎలా తయారైందని. అందులో రాసిన వైద్యం పనిచేస్తుందా అన్నది అది తేల్చదు. పైగా ఆ 23 ప్రశ్నలు ఆరు విభాగాలుగా ఉంటాయి, వాటి మార్కుల్ని కలిపి ఒక్క అంకె చేయొద్దని దాన్ని తయారుచేసినవాళ్లే చెప్పారు. రాత స్పష్టంగా ఉందని ఒకచోట 90 శాతం, కమిటీలో ఎవరికి ఏ కంపెనీతో లావాదేవీలున్నాయో రాయనందుకు ఇంకోచోట 20 శాతం వస్తే, సగటు తీసి బాగుందంటామా? హార్మోన్ ఇంజెక్షన్ల మీద ఇంత వ్యాపారం నడిచే చోట నేను ముందు తిప్పేది చివరి రెండు ప్రశ్నలే: డబ్బు ఎవరిది, సభ్యుల ప్రయోజనాలు బయటపెట్టారా. ఆ తర్వాతే ఆధారాలు ఎలా వెతికారో చూస్తాను.

కూకట్‌పల్లి అక్క:
మరి ఖర్చో? మేం గొలుసు తాకట్టు పెట్టాం.

మలక్‌పేట:
దానికీ ప్రశ్న ఉందమ్మా, 20వది. కానీ యూరప్‌లో రాసినవాళ్లు లెక్కేసేది అక్కడి ఖర్చే. అన్నట్టు, ఎష్రే అని అక్కడి సంతాన చికిత్స నిపుణుల సంస్థ 2023లో ఇలాంటి అదనపు చికిత్సల మీద సూచనలిచ్చింది. స్క్రాచింగ్‌ని సిఫార్సు చేయలేదు.

గైనిక్ పీజీ:
కలిపి చూడకూడదన్నది ఒప్పుకుంటాను సార్. చివరి రెండింటితో మొదలుపెట్టడం మాత్రం ఒప్పుకోను. చికిత్స తీసుకునేవాళ్లని అడిగారా అనే 5వ ప్రశ్నే నాకు ముందు. అక్కలాంటివాళ్లు ఒక్కరు కమిటీలో కూర్చుని ఉంటే వేరే బిల్లు సంగతి అక్కడే లేచేది.

కూకట్‌పల్లి అక్క:
వచ్చే నెల మళ్లీ వెళ్తున్నాం. గైడ్‌లైన్ పేరు, ఏ సంవత్సరందో కాగితం మీద రాసిమ్మని అడుగుతాను.