సైన్యంలో సర్వైవల్ శిక్షణ ఇచ్చే ఉస్తాద్ కావాలంటే ఏ దారిలో వెళ్లాలి?

అలిపిరి కుర్రాడు (తిరుపతి):
పెద్దలకు నమస్కారం. నేను తిరుపతిలో బీఎస్సీ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఎన్‌సీసీ 'బి' సర్టిఫికెట్ వచ్చింది. అడవిలోనో మంచుకొండల్లోనో దళం నుంచి తప్పిపోయిన సైనికుడు నీళ్లు, నిప్పు, తలదాచుకునే చోటు ఎలా సంపాదించుకోవాలో నేర్పే శిక్షకుడిని కావాలన్నది నా కోరిక. అమెరికా వైమానిక దళంలో ఈ పనికే నేరుగా మనుషులను చేర్చుకుంటారట. మన దగ్గర కూడా అలా ఉందా? సాధన కోసం ఇద్దరు మిత్రులతో తలకోన అడవిలో కొన్ని రాత్రులు గడపాలనుకుంటున్నాము, దాని గురించి కూడా చెప్పగలరు.

మాజీ హవల్దార్ (చిత్తూరు):
బాబూ, మన సైన్యంలో ఆ పేరుతో నేరుగా ఉద్యోగం లేదు. ముందు సిపాయివో అధికారివో కావాలి, తర్వాత నీ యూనిట్ నిన్ను కోర్సుకు పంపాలి. అడవి యుద్ధానికి మిజోరంలోని వైరెంగ్టే, మంచుకొండలకు 1948లో మొదలైన గుల్‌మర్గ్ స్కూలు పేరున్నవి. కోర్సు ముగిశాక ఇచ్చే గ్రేడులో 'ఐ' అన్న అక్షరం చేరితే శిక్షకుడిగా పనికివస్తావని అర్థం. అలాంటివారిలో కొందరినే మళ్లీ పిలిపించుకుంటారు, అదీ కొన్నేళ్లకే. గడువు తీరగానే తిరిగి యూనిట్‌కు రావలసిందే.

శిక్షకుడిని మేము 'ఉస్తాద్' అంటాము. వైరెంగ్టేలో ఒకరోజు జోరువానలో మా ఉస్తాద్ తడిసిన వెదురుబొంగు ఒకటి మా ముందు పడేసి నిప్పు రాజేయమన్నాడు. అరగంట తంటాలుపడి అగ్గిపుల్లలన్నీ అయిపోగొట్టాము. ఆయన బొంగును నిలువునా చీల్చి, తడి తగలని లోపలి గోడను కత్తి అంచుతో గీకి, దూదిలాంటి పొట్టు గుప్పెడు తీసి, దాన్ని చొక్కా లోపల కాసేపు దాచి, ఆ తర్వాత ఒక్క పుల్లతో అంటించాడు. అర్థంకాని కుర్రాడికి అదే పనిని విసుక్కోకుండా నాలుగుసార్లు చూపించాడు కూడా. ఉస్తాద్‌ను ఎంచేటప్పుడు ఆ ఓర్పునూ చూస్తారు. ఇంకొక మాట: పాఠమంతా హిందీలోనే సాగుతుంది. పనిలో ఎవరికీ తీసిపోని మన కుర్రాళ్లు క్లాసు ముందు నిలబడి హిందీలో నాలుగు మాటలు చెప్పలేక వెనకబడిపోవడం నేను కళ్లారా చూశాను.

భాకరాపేట వాసి:
తలకోన ఆలోచన మానుకోండి. అది శ్రీవేంకటేశ్వర జాతీయ ఉద్యానవనం పరిధిలోని అడవి. అనుమతి లేకుండా రాత్రిళ్లు తిరగడం నేరం. ఎర్రచందనం దొంగల కోసం కాపు కాసే సిబ్బందికి కత్తి, తాడు, సంచితో ముగ్గురు కుర్రాళ్లు ఎదురైతే, సర్వైవల్ సాధనకు వచ్చామని చెప్పినా నమ్మేదెవరు? అంతగా మోజుంటే ఉత్తరకాశీలోని నెహ్రూ పర్వతారోహణ సంస్థలో 28 రోజుల ప్రాథమిక కోర్సు చేయండి. అందులో 'ఏ' గ్రేడు వస్తే పై కోర్సుకు, అక్కడా రాణిస్తే బోధనా పద్ధతుల కోర్సుకు అర్హత ఉంటుంది. నేర్పడం నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి దారి నాకు తోచడం లేదు.

అలిపిరి కుర్రాడు:
తలకోన మాట ఇక ఎత్తము. హవల్దార్ గారూ, ఇప్పుడే అగ్నివీర్‌గా చేరడం మంచిదా, డిగ్రీ అయ్యేదాకా ఆగడం మంచిదా?

మాజీ హవల్దార్ (చిత్తూరు):
అగ్నివీర్‌కు నాలుగేళ్లే గడువు. ఆ తర్వాత గరిష్ఠంగా నూటికి 25 మందినే ఉంచుకుంటారు. ఉస్తాద్ అవకాశం సాధారణంగా కొన్నేళ్ల సర్వీసు తర్వాత వచ్చేది కాబట్టి, ముందు ఆ పాతికలో నిలవాలి. డిగ్రీలో 50 శాతం మార్కులు, 'సి' సర్టిఫికెట్‌లో కనీసం 'బి' గ్రేడు ఉంటే ఎన్‌సీసీ ప్రత్యేక ప్రవేశం కింద రాతపరీక్ష లేకుండానే, అధికారులను ఎంపిక చేసే ఎస్‌ఎస్‌బీ ఇంటర్వ్యూకు పిలుపు అందుకోవచ్చు. నీ స్థితిలో నేనైతే ఆగుతాను. ఈలోగా పరుగు మానవద్దు, అయితే అలిపిరి మెట్ల మీద కాదు, మట్టి నేల మీద. దిగేటప్పుడు ఆ మెట్లు మోకాళ్లను ఏం చేస్తాయో నా మోకాళ్లకు తెలుసు.