విశ్వం సాగుతూ పోతే ఎంటాంగిల్ అయిన ఫోటాన్ల జంట ఏమవుతుంది?

చుక్కలపిచ్చి:
అందరికీ నమస్తే. కొన్నాళ్లుగా బుర్రలో తిరుగుతున్న డౌట్ ఇది. ఒకే చోట పుట్టిన రెండు ఫోటాన్లు (కాంతి కణాలు) పోలరైజేషన్‌లో, అంటే కాంతి తరంగం ఊగే దిశలో, ఎంటాంగిల్ అయ్యాయనుకుందాం, అంటే రెండింటి కొలతలూ ఒకదానితో ఒకటి ముడిపడ్డాయి, ఒకటి ఇటు ఇంకోటి అటు బయల్దేరాయి, దారిలో దేనికీ తగల్లేదు. కానీ మధ్యలో స్పేసే సాగుతోంది కదా, అదీ రోజురోజుకీ స్పీడ్ పెంచుకుంటూ, అంటే ఎప్పటికో ఈ చివర ఫోటాన్‌ని కొలిచినవాళ్లకీ ఆ చివర కొలిచినవాళ్లకీ మధ్య లైట్ కూడా చేరని పరిస్థితి వస్తుంది. అప్పుడు ఎంటాంగిల్‌మెంట్ తెగిపోయినట్టా, పలచబడినట్టా, అలాగే ఉన్నట్టా? బీఎస్సీలో ఫిజిక్స్ చదివా, కాస్త లెక్కలున్నా పర్లేదు.

ధ్రువం:
తెగదండీ, పలచబడదు కూడా. చాలామంది దీన్ని రెండింటి మధ్య కట్టిన రబ్బరు దారంలా ఊహించుకుంటారు, చిక్కంతా అక్కడే వస్తుంది. జంట స్టేట్ ఒకసారి పేపర్ మీద రాసి చూడండి: "మొదటిది నిలువు, రెండోది అడ్డం" అనే టర్మ్ ఒకటి, "మొదటిది అడ్డం, రెండోది నిలువు" అనే టర్మ్ ఇంకోటి, రెండూ కలిపి ఒకటే స్టేట్. ఇందులో దూరం అనే అక్షరమే లేదు, మరి దూరం పెరిగితే మారడానికి ఏముంది?

స్పేస్ సాగినందుకు ఫోటాన్‌కి జరిగేది రెడ్‌షిఫ్ట్, అంటే వేవ్‌లెంగ్త్ పెరిగి ఎనర్జీ తగ్గుతుంది. అన్ని దిక్కులా సమానంగా సాగే విశ్వంలో పోలరైజేషన్ దిశ మాత్రం దానివల్ల తిరిగిపోదు. పచ్చ రంగులో బయల్దేరింది ఇన్‌ఫ్రారెడ్‌లోకి జారొచ్చు గానీ నిలువుది నిలువుగానే ఉంటుంది.

నిజంగా ఎంటాంగిల్‌మెంట్‌ని చంపేది దారిలో తగిలే ధూళి, గ్యాస్, అద్దం, డిటెక్టర్, వీటితో కలిసిపోవడం. 2017లో చైనా వాళ్లు మిషియస్ శాటిలైట్ నుంచి డెలింగా, లీజియాంగ్ అనే రెండు చోట్లకి ఎంటాంగిల్ ఫోటాన్లు పంపారు, మధ్య దూరం 1,203 కిలోమీటర్లు. అక్కడ కష్టమల్లా కిరణం వెడల్పయిపోవడం, గాలిలో ఫోటాన్లు పోవడం. చేరిన జంటలు మాత్రం బెల్ టెస్ట్ (రెండు రిజల్ట్స్ మధ్య పొంతన ముందే కుదిరిన ఒప్పందంతో వచ్చేదానికన్నా ఎక్కువుందా అని చూసే పరీక్ష) పాసయ్యాయి.

చుక్కలపిచ్చి:
థాంక్స్ అండీ, రెడ్‌షిఫ్ట్ సంగతి అర్థమైంది. కానీ లైట్ కూడా చేరని ఆ హద్దు, అంటే హొరైజన్, దాటాక రెండు రిజల్ట్స్ ఎప్పటికీ పోల్చి చూడలేకపోతే, ఎంటాంగిల్‌మెంట్ ఉంది అన్న మాటకి అర్థం ఏం మిగిలింది?

రాత్రిడ్యూటీ:
ఇదే అసలు ప్రశ్న బ్రో. ముందు అంకెలు చూద్దాం. డార్క్ ఎనర్జీ (విశ్వం సాగే స్పీడ్‌ని పెంచుతున్నదానికి పెట్టిన పేరు) ఇప్పటిలాగే కొనసాగితే మన ఈవెంట్ హొరైజన్ సుమారు 1,600 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉంటుంది, ఈరోజు ఇక్కణ్నుంచి బయల్దేరిన లైట్ ఎంత కాలం ప్రయాణించినా ఇప్పుడు ఆ లోపలున్న గెలాక్సీల వరకే చేరగలదు. కొలిచిన రిజల్ట్ మళ్లీ వెనక్కి రావాలి కదా, పోను సగం రాను సగం, అంటే ఇప్పుడు సుమారు 800 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న గెలాక్సీ దగ్గరికి వెళ్లేలోపే ఫోటాన్‌ని కొలిచేయాలి. రెండు వైపులా ఆలోపు కొలిస్తే ఎప్పటికో రెండు రిజల్ట్సూ మన దగ్గర కలుసుకుంటాయి, ఇంకా ముందుకి పోయాక కొలిస్తే ఎక్కడా కలవవు.

కలవకపోతే ఏమవుతుందంటే, నీ చేతిలో ఉన్న ఒక్క ఫోటాన్ నిలువా అడ్డమా అన్నది ఫిఫ్టీ ఫిఫ్టీగా కనిపిస్తుంది. కానీ అది మొదట్నుంచీ అంతే! జంటది పక్క టేబుల్ మీద ఉన్నా సరే, ఒక్కదాన్నే చూస్తే ఫిఫ్టీ ఫిఫ్టీ తప్ప ఇంకేమీ కనపడదు, ఎంటాంగిల్‌మెంట్ అనేది రెండు లిస్టులు పక్కపక్కన పెట్టినప్పుడే బయటపడే విషయం. కాబట్టి హొరైజన్ వల్ల పోయేది పోల్చుకునే అవకాశం, నీ వైపు ఫోటాన్‌లో ఒక్క రవ్వ కూడా తేడా రాదు. వచ్చి ఉంటే ఆ తేడా చూసి అవతల ఏం జరిగిందో లైట్ కన్నా ముందే తెలుసుకోవచ్చు, క్వాంటం మెకానిక్స్ అది ఒప్పుకోదు.

పాతపేపర్లు:
పైవాళ్లు చెప్పినవి కరెక్టే గానీ ఇంకో వైపు కూడా చూడాలి, విశ్వం సాగడం ఎంటాంగిల్‌మెంట్‌ని కొత్తగా పుట్టిస్తుంది కూడా. నాకు ఈ టాపిక్‌లో అన్నిటికన్నా ఇష్టమైన సంగతి ఇదే. 1935లో ఎంటాంగిల్‌మెంట్ అని పేరు పెట్టిన ష్రోడింగరే 1939లో సాగే విశ్వంలో తరంగాల గురించి పేపర్ రాసి, సాగుడు వల్లే కణాలు జంటలుగా పుట్టుకొస్తాయని గమనించి కంగారు పడ్డాడు. 1960ల్లో లియొనార్డ్ పార్కర్ అనే భౌతిక శాస్త్రవేత్త దాన్ని పూర్తి లెక్కతో నిలబెట్టాడు. పుట్టే జంటలో ఒకటి ఒక దిక్కుకి పోతే రెండోది సరిగ్గా ఎదురు దిక్కుకి పోతుంది, రెండూ ఎంటాంగిల్ అయ్యే పుడతాయి. ఫోటాన్లు మాత్రం ఇలా పుట్టవు, మాక్స్‌వెల్ సమీకరణాల కట్టడమే అలాంటిది, స్కేల్ మారినా వాటికి పట్టదు. గురుత్వ తరంగాలకీ, ఇన్‌ఫ్లేషన్‌ని (విశ్వం తొలి క్షణాల్లో విపరీతంగా సాగిన దశని) నడిపిన ఫీల్డ్‌కీ ఆ రక్షణ లేదు. ఇన్‌ఫ్లేషన్ థియరీ నిజమైతే గెలాక్సీలకి విత్తనాలైన ఎగుడుదిగుడులు అలా జంటలుగా వచ్చినవే. ఈరోజు సీఎంబీ (బిగ్ బ్యాంగ్ నుంచి మిగిలిన తొలి కాంతి) మ్యాప్‌లో ఆ ఎంటాంగిల్‌మెంట్‌ని నేరుగా చూపించిన కొలత మాత్రం ఇంకా ఒక్కటీ లేదు.

ధ్రువం:
పార్కర్ పాయింట్ బాగా గుర్తుచేశారు. ప్రయోగాల వైపు ఆసక్తి ఉన్నవాళ్లు 2018 జనవరిలో స్పెయిన్‌కి చెందిన లా పాల్మా ద్వీపంలో క్వాంటం ప్రయోగాల శాస్త్రవేత్త జైలింగర్ టీమ్ చేసిన బెల్ టెస్ట్ చూడండి. దాదాపు కిలోమీటరు దూరంలో ఉన్న రెండు టెలిస్కోపులు చెరో క్వేసార్‌ని (చాలా దూరపు గెలాక్సీ నడిబొడ్డున మెరిసేదాన్ని) చూస్తుంటాయి, ఒకదాని లైట్ 780 కోట్ల ఏళ్ల కిందట బయల్దేరింది, ఇంకోదానిది 1,220 కోట్ల ఏళ్ల కిందట, ఈ రెండోది దారిలో వేవ్‌లెంగ్త్ దాదాపు 5 రెట్లు సాగి మరీ వచ్చింది. వచ్చిన ఒక్కో ఫోటాన్ కాస్త ఎరుపు వైపుందా నీలం వైపుందా అన్నదాన్ని బట్టి అక్కడికక్కడే పోలరైజర్ కోణం మారేది, ఆ కోణంలో ఎంటాంగిల్ జంటని కొలిచేవాళ్లు. కోణాలనీ ఫోటాన్లనీ ముందే ఎవరో కుమ్మక్కు చేశారు అనాలంటే ఆ కుమ్మక్కు కనీసం 780 కోట్ల ఏళ్ల కిందటిదై ఉండాలి, అప్పటికి మన భూమే లేదు.

చుక్కలపిచ్చి:
అద్భుతం. చివరగా ఒకటి, హొరైజన్‌కి అటూ ఇటూ కొలిస్తే ఎవరు ముందు కొలిచారు అన్నది ముఖ్యమా?

రాత్రిడ్యూటీ:
కాదు బ్రో. సీఎంబీని బట్టి కాస్మిక్ టైమ్ అని ఒక గడియారం పెట్టుకుని ముందెవరు వెనకెవరు అని చెప్పుకోవచ్చు, కానీ లెక్కలో ఆర్డర్ మార్చినా ప్రాబబిలిటీలు అవే వస్తాయి. పేపర్ మీద నువ్వే చేసి చూడు, నాలుగు లైన్ల పని.