సమస్య (ఈ చివరి పాదానికి మిగతా మూడు పాదాలూ రాసి పద్యం పూరించాలి): "చేప చిక్కెఁ గాని చేతఁ బడదు"

నిర్వాహకులు: ఆటవెలది నాలుగో పాదమిది. అయిదూ సూర్యగణాలే (గురువు, లఘువు లేదా మూడు లఘువులు), యతి (పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ పొంతన) చే–చే. నియమం ఒక్కటే: ఇంగ్లీషు క్యాచ్, క్యాప్చర్‌ల తేడా పద్యంలో తేలాలి. రెండూ ఒకే లాటిన్ మూలం నుంచి వచ్చినా ఒకదాని చోట ఇంకొకటి కుదరదు.

పూరణ 1
గాలమందు నోరు గట్టిగఁ దగిలెను
దార మపుడె తెగెను దాటిపోయె
క్యాచు చెల్లుఁ గాని క్యాప్చరు కాదది
చేప చిక్కెఁ గాని చేతఁ బడదు

సమీక్ష: నడక చక్కగా ఉందండీ. "గాని క్యాప్చరు" దగ్గర "క్యా" సంయుక్తాక్షరమే అయినా వేరే పదం కనుక "ని" లఘువే, గణభంగం లేదు. చిక్కంతా అర్థంలో. గాలానికి తగిలి, దారం తెంపుకుపోయిన చేపను ఇంగ్లీషువాళ్ళు క్యాచ్ కింద లెక్కెయ్యరు, హుక్ అయి పోయిందంటారు. క్రికెట్ 33వ నిబంధన చూడండి: బంతి మీదా, తన కదలిక మీదా ఫీల్డరుకు పూర్తి అదుపు వస్తేనే క్యాచ్ పూర్తయినట్టు. కాబట్టి తగిలితే క్యాచ్, అదుపులోకొస్తే క్యాప్చర్ అన్న విభజన నిలవదు. కదిలేదాన్ని అందుకోవడం క్యాచ్: బంతి, బస్సు, పారిపోయే దొంగ. ఎదిరించేదాన్ని లొంగదీసి అధీనంలో పెట్టుకోవడం క్యాప్చర్: కోట, శత్రుసైనికుడు, చదరంగంలో పావు. జలుబుకు క్యాచే వాడతారు, కోటకు ఎన్నడూ వాడరు.

పూరణ 2
కెమెర కంటఁ బడెను కెరటాల నడుమను
బొమ్మ నిలిచె మీను నీటఁ గలిసె
క్యాప్చరనుట యొప్పు క్యాచని యనరాదు
చేప చిక్కెఁ గాని చేతఁ బడదు

సమీక్ష: ఊహ అద్భుతం! చిక్కినది బొమ్మ, చేతికి రానిది చేప; సమస్యలోని వైరుధ్యం దానంతటదే విడిపోయింది. రెండో పాదంలో మాత్రం యతిభంగం: బొ–నీ కుదరవు, ప్రాసయతీ (వాటి తరవాతి అక్షరాల పొంతన) లేదు. "బొమ్మ నిలిచె నీటఁ బోయె మీను" అంటే బొ–బో సరిపోతుంది, అర్థమూ చెడదు. మూడో పాదంలో "అనరాదు" మరీ గట్టి మాట. సీసీ కెమెరాలో దొంగ పట్టుబడితే కాట్ ఆన్ కెమెరా అనే అంటారు కదా! చేస్తూ దొరికిపోతే క్యాచ్. దృశ్యాన్ని నిలిపి దాచుకుంటే క్యాప్చర్. "క్యాప్చరనుట మేలు క్యాచని యననేల" అని సవరించండి. క్యాచని భగణం (గురువు, రెండు లఘువులు), యననేల సలం (రెండు లఘువులు, గురువు, లఘువు); గణాలు చెక్కుచెదరవు.

మరొక సభ్యులు: మత్స్యశాఖ లెక్కల్లో రెండు మాటలూ పక్కపక్కనే కనిపిస్తాయి. చెరువులో పెంచకుండా కడలిలో, నదిలో వేటాడితే క్యాప్చర్ ఫిషరీస్. ఆ వేటలో పడిన సరుకు క్యాచ్. ఈ కోణంలో పూరణ ఇంకా రాలేదు. వల, పడవ పద్యంలోకి తెస్తే సమస్యకు దగ్గరగానే ఉంటుంది.