డయాలసిస్ గ్రాఫ్ట్ అంటే ప్లంబర్ టేపు మెటీరియలేనా?

గట్టుమీద_రాజు
అమ్మకి మెడ దగ్గర కాథెటర్ పెట్టి డయాలసిస్ చేస్తున్నారు. చేతి నరాలు మరీ సన్నగా ఉన్నాయి, ఫిస్టులా (చేతిలో ధమనినీ సిరనీ నేరుగా కలపడం) కుదరదు, గ్రాఫ్ట్ (ఆ రెండిటినీ కలిపే కృత్రిమ గొట్టం) వేద్దాం అన్నారు సర్జన్ గారు. దేంతో చేస్తారండీ అంటే పీటీఎఫ్ఈ అన్నారు. ఇంటికొచ్చి వెతికితే అది టెఫ్లానే అట! కుళాయి మరలకి చుట్టే తెల్ల టేపు, నాన్‌స్టిక్ పెనం పూత, మా వర్క్‌షాప్‌లో హీటర్ వైర్ల తొడుగు, అన్నీ అదే. ఒంట్లో పెడితే ఏం కాదా? బాగా టెన్షన్‌గా ఉంది.

పాలిమర్_పంతులు
పదార్థం అదే, తయారీ వేరు రాజు గారూ. 1938లో డ్యూపాంట్ అనే అమెరికా రసాయనాల కంపెనీలో రాయ్ ప్లంకెట్ అనే శాస్త్రవేత్త గ్యాస్ సిలిండర్ వాల్వు తిప్పితే గ్యాస్ రాలేదు, బరువు చూస్తే తగ్గలేదు, కోసి చూస్తే లోపల తెల్లటి పొడి. అదే పీటీఎఫ్ఈ. కార్బన్, ఫ్లోరిన్ బంధం ఎంత గట్టిదంటే యాసిడ్లూ రక్తమూ దాన్నేమీ చేయలేవు, 260 డిగ్రీల దాకా తట్టుకుంటుంది కాబట్టి వైర్లకీ పనికొచ్చింది. డ్యూపాంట్‌లోనే పనిచేసిన బిల్ గోర్ 1958లో సొంతంగా పెట్టిన కంపెనీ మొదట్లో అమ్మింది ఆ పీటీఎఫ్ఈ తొడుగు వైర్లే.

అసలు సంగతి 1969లో జరిగింది. ఆయన కొడుకు బాబ్, వేడి చేసిన పీటీఎఫ్ఈ కడ్డీల్ని మెల్లగా సాగదీస్తుంటే తెగిపోతున్నాయి, విసుగొచ్చి ఒక్క గుంజు గుంజాడు. తెగలేదు సరికదా, దాదాపు పది రెట్లు సాగింది, లావు మాత్రం పెద్దగా తగ్గలేదు! లోపల గాలి చేరిందన్నమాట. మైక్రోస్కోపులో చూస్తే చిన్న ముడులు, వాటి మధ్య సన్నటి పోగులు, మిగతాదంతా ఖాళీ. కేబుల్లో ఆ గాలి వల్ల డైఎలక్ట్రిక్ స్థిరాంకం (ఇది ఎంత తక్కువైతే సిగ్నల్ అంత వేగం) 2.1 నుంచి 1.3 దాకా దిగి సిగ్నల్ వేగంగా పోతుంది. ఒంట్లో అయితే అవే ఖాళీల్లోకి కణజాలం పాకి గొట్టాన్ని పట్టుకుంటుంది. గ్రాఫ్టుల్లో ముడికీ ముడికీ దూరం మామూలుగా 30 మైక్రాన్లు. కుళాయి టేపుకి ఈ కొలతలూ ఉండవు, స్టెరిలైజేషనూ ఉండదు. 1970ల నుంచీ వేస్తున్నారు, మీ అమ్మగారి మీద ప్రయోగమేం కాదు.

సందేహాల_సత్తి
పెనం పూత క్యాన్సర్ అంటారు కదా, మరి?

పాలిమర్_పంతులు
ఆ గొడవ ఎక్కువగా తయారీలో వాడిన పీఎఫ్ఓఏ అనే రసాయనం గురించి. ఖాళీ పెనం బాగా మాడిస్తే విషపు పొగలొస్తాయి, అదీ నిజమే. ఒంట్లో ఉండేది 37 డిగ్రీలే కదా.

సూది_మందు (డయాలసిస్ టెక్నీషియన్)
టెఫ్లాన్ గురించి భయం వదిలేయండి, గ్రాఫ్ట్‌తో అసలు ఇబ్బంది గడ్డకట్టడం, ఇన్ఫెక్షన్. ఈ రెండూ ఫిస్టులా కన్నా దీనికే ఎక్కువ, అందుకే నరాలు బాగుంటే ఫిస్టులానే వేస్తారు. ఫిస్టులాకి నెలలు ఆగాలి, మామూలు గ్రాఫ్ట్ రెండు మూడు వారాల్లో సూదికి సిద్ధం, కాథెటర్ తొందరగా తీసేయొచ్చు. ప్రతిసారీ ఒకే చోట గుచ్చనివ్వకండి, గోడ చిల్లులు పడి ఉబ్బుతుంది. రోజూ పొద్దున్నే దాని మీద వేళ్లు పెడితే గర్‌ర్‌మని అదురు తెలియాలి, ఆగిపోతే మర్నాడు చూద్దాంలే అనుకోకుండా అప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

గట్టుమీద_రాజు
చాలా థ్యాంక్స్ అండీ. ఆ చేతికి గాజులు వేసుకోవచ్చా? అమ్మ అదే అడుగుతోంది.

సూది_మందు
బిగుతువి వద్దు. బీపీ పట్టీ కట్టనివ్వొద్దు, రక్తం తీయనివ్వొద్దు, ఆ చెయ్యి తల కింద పెట్టుకుని పడుకోవద్దని కూడా చెప్పండి.