వనస్థలిపురంలో ఉండి మల్కాజిగిరి ఎంపీకి ఓటేయడం ఏంటండీ?

వనస్థలిపురం కొత్తకాపురం:
రెండేళ్ల కింద ఖమ్మం నుంచి వచ్చి ఇక్కడ ఫ్లాట్ తీసుకున్నాం. ఓటు మార్పించుకుని వెబ్‌సైట్‌లో చూస్తే అసెంబ్లీ ఎల్బీనగర్, పార్లమెంటు మల్కాజిగిరి అని ఉంది. జిల్లా ఏమో రంగారెడ్డి. మల్కాజిగిరి నేను ఒక్కసారే వెళ్లాను, అదీ రైలెక్కడానికి. ఈ సీటు ఎప్పుడు పుట్టింది? దేశంలోనే పెద్దదంటారు, నిజమేనా? వెతికితే గెలిచినవాళ్ల పేర్లు వస్తున్నాయి గానీ అసలు కథ ఎక్కడా దొరకట్లేదు. పాతవాళ్లెవరైనా చెప్పండి.

మౌలాలి పెద్దాయన:
బాబూ, నేను లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో చేసి రిటైరయ్యాను. 1986 నుంచి మౌలాలిలోనే ఉంటున్నా.

ముందు మ్యాప్ సంగతి. కాగితం మీద హైదరాబాద్‌ని గుండ్రంగా గీసి, మీ వనస్థలిపురం దగ్గర పెన్ను పెట్టండి. అక్కణ్నుంచి పైకి ఉప్పల్, మల్కాజిగిరి, కంటోన్మెంట్, మేడ్చల్, కుత్బుల్లాపూర్ మీదుగా తిప్పి కూకట్‌పల్లిలో ఆపండి. గుర్రపు నాడా వస్తుంది. అదే మీ నియోజకవర్గం. తమాషా ఏంటంటే, మీ పక్కనుంచి విజయవాడ పోయే హైవే, కూకట్‌పల్లి నుంచి ముంబై వైపు పోయే హైవే రెండూ ఒకటే, 65 నంబరు. రోడ్డు ఊరి మధ్యలోంచి పోతుంది. మన సీటు ఊరంతా చుట్టొచ్చి మళ్లీ అదే రోడ్డు దగ్గర తేలుతుంది.

2008కి ముందు ఇది లేదు. 2001 జనాభా లెక్కలు పట్టుకుని గీతలు మార్చినప్పుడు పుట్టింది. అదే దెబ్బకు సిద్దిపేట పార్లమెంటు సీటు రద్దయింది. అక్కడ ఎంపీగా ఉన్న సర్వే సత్యనారాయణ 2009లో ఇటొచ్చి, కాంగ్రెస్ తరఫున మొదటి ఎంపీ అయ్యారు. తర్వాత కేంద్రంలో సహాయ మంత్రిగా కూడా చేశారు. 2014లో టీడీపీ నుంచి మల్లారెడ్డి. తెలంగాణలో ఉన్న 17 సీట్లలో ఆ ఏడు ఆ పార్టీకి దక్కింది ఇదొక్కటే.

ఆ తర్వాతిది వినండి. రేవంత్ రెడ్డి 2018 డిసెంబరులో కొడంగల్‌లో ఓడిపోయి, ఐదు నెలలకే ఇక్కడ 10,919 ఓట్లతో గెలిచారు. ఈటల రాజేందర్ 2023 డిసెంబరులో హుజూరాబాద్, గజ్వేల్ రెండు చోట్లా ఓడి, 2024లో ఇక్కడ 3 లక్షల 90 వేలు దాటిన మెజారిటీతో గెలిచారు. శీతాకాలంలో దెబ్బ తిన్నవాళ్లకు ఎండాకాలం మందు మల్కాజిగిరి! వాళ్లను తప్పు పట్టడం లేదు. ఓటర్లే సగానికి సగం ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లు. మా వీధిలో కరీంనగర్ వాళ్లు, పాలకొల్లు వాళ్లు, మిలిటరీలో చేసి ఇక్కడే స్థిరపడ్డ తమిళులు, కేరళ నర్సమ్మలు ఉంటారు. నాయకుడు ఎక్కడివాడని అడగడానికి మాకు నోరెక్కడిది?

కేపీహెచ్‌బీ గోదారోడు:
పెద్దాయన గారూ, సగం మంది ఓటే వెయ్యరు కదా, అది కూడా రాయండి. అందులో నేనూ ఉన్నాను, ఒప్పుకుంటున్నా. 2019లో ఏప్రిల్ 11, 2024లో మే 13. రెండుసార్లూ ఆంధ్రాకీ ఇక్కడికీ ఒకే రోజు పోలింగ్. అక్కడ అసెంబ్లీ కూడా ఉంది. నా ఓటు భీమవరంలోనే ఉంచుకున్నా. కూకట్‌పల్లిలో రాత్రి బస్సెక్కి పొద్దున్నే లైన్లో నిలబడ్డా. నీళ్ల బిల్లు ఇక్కడ, ఓటు అక్కడ. మా అపార్ట్‌మెంట్లో ఆ రోజు వాచ్‌మన్ ఒక్కడే మిగిలాడట.

మౌలాలి పెద్దాయన:
తమ్ముడూ, మీ అపార్ట్‌మెంట్ సంగతి నేను అటువైపు కూర్చుని చూశాను. 2019లో నాకు మైక్రో అబ్జర్వర్ డ్యూటీ (బూత్‌లో కూర్చుని పోలింగ్ సరిగ్గా జరుగుతోందా అని చూడటం) పడింది, ఉప్పల్ వైపు ఒక స్కూల్లో. మధ్యాహ్నం మూడింటికి ఏజెంట్లు బెంచీల మీద కునుకు తీస్తున్నారు. ఏఎస్‌డీ లిస్టని ఒకటి ఉంటుంది: ఊళ్లో లేనివాళ్లు, ఇల్లు మారినవాళ్లు, పోయినవాళ్లు. అది ఆ బూత్‌లో ఎన్ని పేజీలో! ఒక ముసలావిడ వేలికి సిరా పెట్టించుకుంటూ, "నా కొడుకులిద్దరి పేర్లూ ఉన్నాయి నాయనా, వాళ్లు ఊరెళ్లారు, వాళ్లవి కూడా నేనే వేసి పోనా?" అని అడిగింది. అందరం నవ్వాం. ఆమె నవ్వలేదు, నిజంగానే అడిగింది. సాయంత్రం రిజిస్టర్ మూసి చూస్తే సగం దాటలేదు.

అల్వాల్ లెక్కలు:
పెద్దదా అంటే పెద్దదే. 2024లో 37 లక్షలు దాటిన ఓటర్లు, దేశంలో ఇంకెక్కడా లేరు. లక్షద్వీప్‌లో 58 వేల లోపు. ఇద్దరు ఎంపీలకూ నియోజకవర్గం నిధి ఏడాదికి అదే 5 కోట్లు. మన దగ్గర తలకు 13 రూపాయలు, అక్కడ 860 పైన. అభ్యర్థి పెట్టుకోదగ్గ ఖర్చు 95 లక్షలు, అంటే ఓటరుకు రెండున్నర రూపాయలు. ఒక జిరాక్స్ కాగితానికి సరి. లెక్క ప్రకారమే ఖర్చు పెడుతున్నారని నేను అనట్లేదు లెండి.

ఇంకోటి. మల్లారెడ్డి మేడ్చల్ ఎమ్మెల్యే అయి 2018 డిసెంబరులో, రేవంత్ రెడ్డి ముఖ్యమంత్రి అయి 2023 డిసెంబరులో ఎంపీ పదవి వదిలేశారు. గడువు ఏడాది కూడా లేకపోతే ఉపఎన్నిక పెట్టక్కర్లేదు. అందుకని రెండుసార్లూ కొత్త లోక్‌సభ వచ్చేదాకా అంతమందికి ఢిల్లీలో మనిషే లేడు. ఆ నెలల్లోనే మా కాలనీ వాళ్లం రైల్వే అండర్‌పాస్ గురించి ఒక అర్జీ తయారు చేశాం. కింద సంతకాలు నిండాయి, పైన "గౌరవనీయులైన" తర్వాత ఎవరి పేరు రాయాలో తెలియక ఖాళీ వదిలాం.

కేపీహెచ్‌బీ గోదారోడు:
2023 చివర ఏడు అసెంబ్లీ సీట్లూ బీఆర్ఎస్‌వే. ఆరు నెలలు తిరక్కుండా ఎంపీ ఎన్నికలో అదే పార్టీ మూడో స్థానం. ఇదెలా?

మౌలాలి పెద్దాయన:
మా ఇంట్లోనే అలా వేశారు, నేను ఏం చెప్పను? ఎమ్మెల్యే అంటే మురుగు కాలువ, కరెంటు స్తంభం, పింఛను. ఎంపీ ఎన్నిక వచ్చేసరికి మా అబ్బాయికి ఢిల్లీలో ఎవరు కూర్చోవాలన్నదే కనబడింది. ఒకే వేలు, రెండు రకాల లెక్క.

వనస్థలిపురం కొత్తకాపురం:
అందరికీ థ్యాంక్స్. గోదారోడు గారూ, ఓటు ఇక్కడికి మార్చుకోరా మరి? ఫారం 8 పెడితే చాలు, నేను ఫోన్లోనే పెట్టాను.

కేపీహెచ్‌బీ గోదారోడు:
మా నాన్న ఉన్నన్నాళ్లూ కుదరదు బాబూ. పోలింగ్ రోజున పులస పులుసు దొరకదు గానీ, ఆయన గుమ్మంలో కుర్చీ వేసుకుని మా బస్సు కోసం చూస్తుంటాడు.