ఖాళీ ఫోల్డర్ గిట్‌లోకి ఎందుకు ఎక్కడం లేదు?

ప్రశ్న:
గిట్‌లో (కోడ్ మార్పుల చరిత్రను దాచే సాధనం) పెట్టిన నా ప్రాజెక్టులో లాగ్స్, అప్‌లోడ్స్ అని రెండు ఫోల్డర్లున్నాయి. ప్రోగ్రాం నడిచేటప్పుడే వాటిలో ఫైళ్లు పడతాయి, అంతవరకు ఖాళీ. గిట్ యాడ్ కొట్టినా స్టేటస్‌లో వాటి ఊసే లేదు. నిన్న రాత్రి సర్వర్‌లో క్లోన్ చేసి (ప్రాజెక్టు కాపీ దింపుకుని) నడిపితే, లాగ్ ఫైల్ తెరవబోయి వెంటనే ఆగిపోయింది. నా మెషీన్‌లో బాగానే నడుస్తోంది కదా అని రెండు గంటలు పర్మిషన్ల చుట్టూ తిరిగాను. ఇదివరకు గిట్ లాంటిదే అయిన సబ్‌వెర్షన్ వాడేవాణ్ణి, అందులో ఖాళీ ఫోల్డర్ కూడా కమిట్ అయ్యేది (చరిత్రలో నమోదయ్యేది). గిట్‌లో దీనికి సెట్టింగ్ ఏదైనా ఉందా?

జవాబు 1:
లేదండీ. గిట్ ఇండెక్స్‌లో (కమిట్ కాబోయే వాటి జాబితాలో) నమోదయ్యేవి ఫైళ్లే. ఫైలు దారిలో ఫోల్డర్ పేరుంటే చెక్అవుట్ అప్పుడు (ఫైళ్లను డిస్క్ మీదికి దింపేటప్పుడు) దాన్ని సృష్టిస్తుంది, ఫైలే లేకపోతే ఫోల్డరూ లేదు. మెర్క్యురియల్ అనే మరో సాధనం కూడా అంతే. చాలామంది లోపల .గిట్‌కీప్ అని ఒక ఖాళీ ఫైల్ పెడతారు. ఆ పేరుకు గిట్‌లో ప్రత్యేక అర్థమేమీ లేదు, జనం అలవాటు చేసుకున్నదే.

జవాబు 2:
.గిట్‌కీప్ ఒక్కటే పెడితే రేపు లాగ్ ఫైళ్లు కూడా కమిట్‌లోకి వచ్చేస్తాయి. నేనైతే ఆ ఫోల్డర్‌లోనే ఒక .గిట్‌ఇగ్నోర్ (వేటిని పట్టించుకోకూడదో గిట్‌కు చెప్పే ఫైల్) పెట్టి రెండు లైన్లు రాస్తాను:
*
!.గిట్‌ఇగ్నోర్
మొదటిది అన్నిటినీ వదిలేయమంటుంది, రెండోది ఈ ఒక్క ఫైల్‌ని ఉంచమంటుంది.

ప్రశ్న అడిగినవారు:
అలాగే చేశాను. అయినా యాడ్ కావడం లేదు, ఇగ్నోర్‌లో ఉందంటోంది!

జవాబు 2:
ప్రాజెక్టు పైస్థాయి .గిట్‌ఇగ్నోర్‌లో లాగ్స్/ అని ఉందేమో చూడండి. ఫోల్డర్‌నే మినహాయిస్తే గిట్ దాని లోపలికే వెళ్లదు, కాబట్టి మీ ! లైన్ దాని కంట పడదు. నేనూ దీని దగ్గరే ఒక పూట పోగొట్టుకున్నాను. పైనున్న ఆ లైన్ తీసేయండి.

జవాబు 3:
లాగ్స్ ఫోల్డర్‌ని ప్రోగ్రామే మొదట్లో సృష్టించుకుంటే ఇంకా మంచిది. పైథాన్‌లో ఓఎస్.మేక్‌డిర్స్‌కి ఎగ్జిస్ట్_ఓకే=ట్రూ ఇస్తే, ఫోల్డర్ ముందే ఉన్నా ఎర్రర్ రాదు. అప్‌లోడ్స్ సంగతి వేరు. అక్కడ వేరే డిస్క్ మౌంట్ అయ్యేదైతే (అంటే ఆ డిస్క్‌ను ఆ ఫోల్డర్‌కు తగిలిస్తే) ప్రోగ్రాంని దాన్ని సృష్టించనివ్వకండి. మౌంట్ ఊడిన రోజు ఫైళ్లన్నీ తప్పు డిస్క్‌లో పడతాయి, ఎవరికీ తెలియదు. డిస్క్ మౌంట్ కాకపోతే ప్రోగ్రాం ఎర్రర్ ఇచ్చి ఆగిపోవాలి.

ప్రశ్న అడిగినవారు:
పైన లాగ్స్/ లైన్ నిజంగానే ఉంది, తీసేయగానే యాడ్ అయింది. మాదీ మౌంట్ అయ్యే డిస్కే, ఆ ప్రమాదం నాకు తట్టనే లేదు. అప్‌లోడ్స్‌కి గిట్‌లో ఏమీ పెట్టకుండా, మొదట్లోనే డిస్క్ మౌంట్ అయిందో లేదో చూసే చెక్ రాశాను. ఇప్పుడే మళ్లీ క్లోన్ చేసి చూశాను, నడుస్తోంది. చాలా థాంక్సండీ.